పదవ వంతులోని ప్రమాదం

9.4 అని వ్రాసిన కొలత అసలు విలువను ‘క’ అందాం. సమీప దశాంశానికి సవరించి వ్రాస్తే 9.35 ≤ క < 9.45, తరువాతి అంకెలను కత్తిరించి వ్రాస్తే 9.4 ≤ క < 9.5. సవరణలో దోషం ఇరువైపులా ఉండవచ్చు. కత్తిరింపులో ఒకే వైపు, కనుక పేరుకుపోతుంది.

అమెరికా సైన్యపు పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదవ వంతులుగా లెక్కించేది. ద్విసంఖ్యామానంలో 1/10 అంతం లేని భిన్నం. దానిని 24 బిట్లకు కత్తిరించగా లెక్కకు సుమారు 0.000000095 సెకను తగ్గింది. 100 గంటలలో, అనగా 36 లక్షల లెక్కలలో, ఆ దోషం 0.34 సెకనుకు చేరింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటిపోతుంది.

1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పేట్రియట్ అలా గురి తప్పగా 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. వారిలో 13 మంది పెన్సిల్వేనియాలోని గ్రీన్స్‌బర్గ్ దళం వారు. సంఖ్యతోపాటు దాని ఎల్లలను కూడా వ్రాయడం అందుకే అవసరం.