ఇంటి నడకే అసలు నడక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి పార్కిన్సన్స్ రోగి హైదరాబాద్‌లోని న్యూరాలజిస్టు దగ్గరికి చేరేసరికి సగం పూట గడుస్తుంది. ఉదయం వేసుకున్న లెవోడోపా మాత్ర ప్రభావం అప్పటికి తగ్గిపోయి ఉండొచ్చు. పైగా డాక్టరు ఎదుట ఎవరైనా జాగ్రత్తగా నడుస్తారు. ఇంట్లో గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం అక్కడ కనిపించకపోవచ్చు. అందుకే ఇంటి దగ్గర తీసిన వీడియోకు విలువ ఎక్కువ. నడకను బయట గమనించడం కొత్తేమీ కాదు: 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించింది ఆరుగురిని చూసి. వారిలో కొందరిని వీధిలోనే గమనించాడు. మాత్రకు ముందు ఒక వీడియో, వేసుకున్న గంటకు మరొకటి తీస్తే అడుగు నిడివి, చేతుల ఊపు, వెనక్కి తిరగడానికి పట్టే అడుగులు పోల్చి చూడొచ్చు. కంప్యూటర్ అయితే తుంటి, మోకాలు, మడమలను ఒక్కో ఫ్రేములో గుర్తించి కొలుస్తుంది.

ఫోన్ వీడియో నడకను కొలిచే ల్యాబుకు సాటిరాదన్న అభ్యంతరం నిజమే. కెమెరా కోణం మారితే కొలత మారుతుంది. కండరాల బిగువు చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది. ఈ ఊళ్లున్న పాత నల్లగొండ జిల్లాలో మరో చిక్కుంది: ఫ్లోరోసిస్‌తో బిగుసుకున్న వెన్ను, కీళ్లు కూడా నడకను మారుస్తాయి. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే. అయినా ‘కాళ్లు లాగుతున్నాయి’ అన్న మాటకన్నా అరనిమిషం వీడియో ఆయనకు ఎక్కువ చెబుతుంది. రోగి అనుమతితో, తల నుంచి పాదాల దాకా కనిపించేలా తీయండి. పక్కన పట్టుకునే మనిషి ఉండాలి. వీడియో కోసం మాత్ర మాత్రం ఆలస్యం చేయకండి.