పుల్లటి ఆకు వేస్తే నేల పుల్లబడుతుందా?

బ్లూబెర్రీకి ఆమ్ల నేల కావాలి. పీహెచ్ 4.5, 5.5 మధ్య ఉంటేనే దాని వేర్లకు ఇనుము సరిగా అందుతుంది. అందుకే మొక్క మొదట్లో పైన్ ఆకులు పరిస్తే చాలంటారు. మన గాండ్లపెంటలో పైన్ చెట్లు ఎక్కడివి? పోనీ, పుల్లటి చింతాకు వేస్తే? అదీ పనిచేయదు. చింతలోని టార్టారిక్ ఆమ్లాన్ని నేలలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. చివరికి మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీరు. పచ్చి పైన్ ఆకు పులుపూ కుళ్లేకొద్దీ తగ్గిపోతుంది. మరి పైన్ అడవుల నేల చాలాచోట్ల ఆమ్లంగా ఉంటుంది కదా? ఉంటుంది. కానీ అక్కడ ఏళ్ల తరబడి వానలు కాల్షియాన్ని కడిగేశాయి. ఆకుల పాత్ర చిన్నది.

ఇక మనవైపు బోరునీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి. తెల్లటి పొర గీకితే పొడిగా రాలుతుంది. అది సున్నపు పదార్థమే. అలాంటి నీళ్లు పోసిన ప్రతిసారీ నేలలోని ఆమ్లం కొంత విరిగిపోతుంది. పీహెచ్ 8 నుంచి 5కు దించడం మూడు మెట్లు దిగడం కాదు, ఆమ్లత 1000 రెట్లు పెరగాలి! గంధకం పొడి వేస్తే బ్యాక్టీరియా దాన్ని నెలల మీద గంధకామ్లంగా మారుస్తుంది. సున్నపు నేలలో ఆ ఆమ్లం ముందు సున్నానికే ఖర్చయిపోతుంది. కాబట్టి తొట్టి, పీట్ మట్టి, వాననీళ్లే దారి. అయినా ఇక్కడి ఎండ బ్లూబెర్రీకి పడుతుందా అన్నది వేరే పేచీ.

ఇనుము అందని ఈ ఇబ్బంది బ్లూబెర్రీ ఒక్కదానిదే కాదు. సున్నపు నేలలో వేరుశనగ లేతాకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కడం చూసే ఉంటారు. నేలలో ఇనుము ఉంది, కరగదంతే. అందుకే రైతులు అన్నభేదిని ఆకుల మీదే పిచికారీ చేస్తారు. రాలిన ఆకులేమో నేలను పుల్లబరచకపోయినా తేమను కాపాడతాయి, ఎండను ఆపుతాయి.