గోళ్లకు కాల్షియం గోలీలా?

చిన్నప్పుడు ఆకాశంలో కొంగల బారు కనిపిస్తే చాలు, గోళ్లు రుద్దుకుంటూ తెల్లమచ్చలు పెట్టి పొమ్మని అడిగేవాళ్లం. ఇప్పుడు అవే మచ్చలు చూసి ఉప్పల్ మెడికల్ షాపుల్లో కాల్షియం గోలీలు కొంటున్నాం. ఆ ఖర్చు దండగ. గోరు పుట్టే మొదట్లో ఎప్పుడో చిన్న దెబ్బ తగిలితే ఆ మచ్చ వస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మచ్చ కూడా దాంతోపాటే జరిగి, చివరికి గోటితోపాటే తెగిపోతుంది.

గోటి మొదట్లో అర్ధచంద్రం లేకపోతే ఒంట్లో రక్తం లేనట్టేనన్నది ఇంకో అపోహ. చాలామందికి అది చర్మం కిందే ఉండిపోతుంది.

రక్తం సంగతి గోటి ఆకారం చెబుతుంది, అదీ కొంతమందికే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యాకింగ్ పనికి వెళ్లే మా పక్కింటి అక్క గోళ్లు పలచబడి, మధ్యలో గుంటపడి, అంచులు లేచి చెంచాల్లా అయ్యాయి. ఒక నీటిచుక్క వేసి చూశాను. జారలేదు, గుంటలోనే నిలిచింది. చాలాకాలం ఐరన్ తక్కువైతే ఇలా అవుతుంది. పసిపిల్లలకైతే మామూలుగానే ఉండొచ్చు. తేల్చాల్సింది రక్తపరీక్షే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమంది గోళ్లు చూడ్డానికి బాగానే ఉంటాయి. గోళ్లు బాగున్నాయి కదా అని దయచేసి పరీక్ష మానకండి.

గోరుచుట్టుకు నిమ్మకాయ తొడుగుతారు. గోరుచుట్టు ఒంట్లో వేడి వల్ల వచ్చేది కాదు, క్రిములు చేరిన పుండు. చీము పడితే డాక్టరే తీయాలి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆగొద్దు.

రెండు చూపుడువేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనిస్తే మధ్యలో చిన్న సందు కనిపించాలి. వేలికొసలు ఉబ్బితే ఆ సందు మూసుకుపోతుంది. ఊపిరితిత్తుల, గుండె జబ్బుల్లో అలా జరగొచ్చు. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్రాత్ ఈ సంగతి తన జబ్బులో తన వేళ్ల మీదే గమనించి 1976లో రాశారు. ఇక గోళ్ల మీద నిలువు నల్లగీతలు మనలాంటి చామనఛాయ వాళ్లకు నాలుగైదు వేళ్లకు ఉండటం మామూలే. ఒక్క గోటికే కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే మాత్రం చర్మవైద్యుడికి చూపించాలి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే ఈ గీతలు కనబడవు.

అక్కకు హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. ఐరన్ గోలీ వేసుకుంటోంది, చాయ్‌తో కాకుండా. మూడో నెల నడుస్తోంది. బొటనవేలి మొదట్లో కొత్త గోరు సమంగా వస్తోంది.