కెమెరా ఒక్కటుంటే సినిమా అయిపోతుందా? కోలారు కుర్రాళ్ల లెక్కలు

రాబర్ట్‌సన్‌పేటలోనో ముళబాగిలులోనో మొదటి సినిమా తీయాలనుకునే కుర్రాణ్ణి కదిలిస్తే ముందు అడిగేది ‘ఏ కెమెరా అన్నా?’ అనే. కెమెరా ఉంటే చాలన్న ఈ అపోహనే కథగా చేసుకున్న సినిమా ఒకటుంది. ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘సినిమా బండి’ (2021). ఆంధ్రా-కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటోడ్రైవర్‌కి ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఇక సినిమా తీసేయడమే అనుకుంటాడు. కష్టాలన్నీ అక్కణ్ణించే మొదలు. హీరోయిన్‌గా ఒప్పుకున్న పిల్ల ప్రేమించినవాడితో వెళ్లిపోతుంది. కెమెరా ఉండి ఏం లాభం?

అపోహ: కోలారు బంగారు గనుల సైనైడ్ దిబ్బల దగ్గర తీస్తే ‘కేజీఎఫ్’ లుక్ దానంతటదే వచ్చేస్తుంది.

రాదు. ప్రశాంత్ నీల్ బృందం అక్కడ పాతకాలపు గనిని సెట్లుగా కట్టుకుంది. 2018లో వచ్చిన మొదటి భాగానికి సుమారు 80 కోట్లు అయిందని పత్రికలు రాశాయి. తెరమీద కనబడే మసీ, దుమ్మూ, జనసందోహం ఆ డబ్బుతో వచ్చినవే. గని లోపలికి దిగి తీశారని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక పంపులు ఆగిపోయాయి, సొరంగాల్లోకి నీళ్లు చేరాయి. లోపలికి దిగి తీయడం కుదిరే పని కాదు.

అపోహ: గనులు మూతపడ్డాయి కదా, అడిగేవాడెవడు?

మూతపడింది పని, హక్కు కాదు. ఆ భూములు కేంద్రప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్‌వి. అనుమతి కాగితం లేకుండా యూనిట్‌ను దింపితే సగం రోజుకే సామాను సర్దుకోవాల్సి రావచ్చు. అద్దె మాత్రం రోజంతటిదీ కట్టాలి. డ్రోన్ 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. థియేటర్‌కి వెళ్లే ఉద్దేశముంటే, ఎద్దుల బండి షాటుకి జంతు సంక్షేమ మండలి అనుమతి కూడా కావాలి. సెన్సార్ దగ్గర అడుగుతారు.

దిబ్బ అంటే బంగారం తీశాక మిగిలిన, పిండిలా నలిగిన రాతి పొడి. గాలి లేస్తే అది కెమెరా సెన్సార్ మీదా కూర్చుంటుంది, ఊపిరితిత్తుల్లోనూ కూర్చుంటుంది. ఒక జూమ్ లెన్స్ బిగించి రోజంతా దానితోనే నెట్టుకురండి. మార్చక తప్పకపోతే కారు అద్దాలు ఎత్తేసి లోపల మార్చండి. మాస్కుల ఖర్చు కూడా బడ్జెట్‌లో రాయండి.

అపోహ: సౌండ్‌దేముంది, డబ్బింగ్‌లో చూసుకోవచ్చు.

చిన్న సినిమాలను ముంచేది ఇదేనని నా గట్టి నమ్మకం. అనుభవమున్న నటుడైతే పెదాలకు సరిపడా మళ్లీ చెప్పగలడు. మన పక్కింటి మామ డబ్బింగ్ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే బిగుసుకుపోతాడు. పైగా కోలారు తెలుగులో కన్నడం కలిసిన యాస ఉంది, వేరే గొంతు పెడితే అది పోతుంది. వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే, కొత్తవాళ్లే. వాళ్ల మాటలను సెట్‌లోనే రికార్డు చేశారు. ఆ సహజత్వం ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా రాదు. కెమెరా అద్దెలో కోత పెట్టి అయినా మంచి బూమ్ మైకు, దానికి బొచ్చు తొడుగు, అది పట్టుకునే మనిషీ ఉండేలా చూసుకోండి. మైదానంలో గాలికి తొడుగులేని మైకు పనికిరాదు.

అపోహ: ఫోన్‌తో తీస్తే ఖర్చుండదు.

షాన్ బేకర్ ‘ట్యాంజరిన్’ (2015) ఐఫోన్ 5ఎస్‌లతో తీసిన మాట నిజమే. దాని బడ్జెట్ సుమారు లక్ష డాలర్లన్నది ఎవరూ చెప్పరు. ఫోన్లకు ప్రత్యేక లెన్స్ అడాప్టర్లు తగిలించారు, ఆర్టిస్టులకూ సిబ్బందికీ డబ్బిచ్చారు. ఇంకో మాట, 4కె ప్రోరెస్‌లో నిమిషానికి సుమారు 6 జీబీ అవుతుంది. గంట ఫుటేజికి 360, రెండో కాపీతో 720. హార్డ్ డిస్కుల ఖర్చు అక్కడ మొదలవుతుంది. మామూలు హెచ్‌ఈవీసీలో అయితే నిమిషానికి 170 ఎంబీతో సరి. మొదటి సినిమాకి అది చాలు.

అపోహ: ఏడు వేల డాలర్లతో హాలీవుడ్ సినిమా తీశారు.

రాబర్ట్ రోడ్రిగ్స్ ‘ఎల్ మరియాచి’ (1992) షూటింగ్‌కి అయింది అంతే. జనం థియేటర్లో చూసిన ప్రింటు కోసం కొలంబియా సంస్థ ఆ తర్వాత అంతకు ఎన్నో రెట్లు ఖర్చుపెట్టింది. షూటింగ్ అయిపోతే లెక్క ముగిసినట్టు కాదు. ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, రంగుల దిద్దుబాటు, థియేటర్ అయితే అక్కడ వేసే డిజిటల్ కాపీ (డీసీపీ), సెన్సార్ ఫీజూ ఇంకా మిగిలే ఉంటాయి.

అపోహ: పెద్ద నిర్మాత దొరికితేనే సినిమా.

బెంగళూరులో పవన్ కుమార్ ‘లూసియా’ (2013)కి వందమందికి పైగా ప్రేక్షకుల నుంచే సుమారు 50 లక్షలు సేకరించాడు, కేనన్ 5డితో తీశాడు. అయితే పదిమంది దగ్గర తీసుకున్న డబ్బుకి పదిమందికీ లెక్క చెప్పాలి.

చివరగా అద్దె సంగతి. మంచి సామానుకి బెంగళూరుకే వెళ్లాలి. మారికుప్పం నుంచి రైలుంది కానీ లైట్లూ స్టాండ్లూ రద్దీ రైల్లో ఎక్కించలేం. వ్యాను ఖర్చు రాసుకోండి. కెమెరాతో పాటు వచ్చే అటెండెంట్‌కి బేటా, భోజనం, పడుకునే చోటు కూడా రాసుకోండి. మూడు విడతలుగా తెచ్చుకునే బదులు సీన్లన్నీ కలిపి ఒకే విడతలో ముగించండి. ఆర్టిస్టుల రిహార్సల్ మాత్రం కెమెరా రాకముందే ఊళ్లో జరిగిపోవాలి, దానికి అద్దె లేదు.