మంచి పొట్టేలు కసాయికి, బక్కది మందకు

కరువొస్తే ముందు అమ్ముడయ్యేది జీవాలే. పత్తికొండ, ఆలూరు మెట్టల్లో, పులివెందుల, బద్వేలు గుట్టల్లో సెంటు భూమి లేని కూలీకి నాలుగు గొర్రెలే ఆస్తి. ఆ అమ్మకంలోనే ఒక నష్టం వుంది. దళారీ దొడ్డిలోకి రాగానే చెయ్యి వేసేది ఏ పిల్ల మీద? అన్నిటికంటే ముందు ఎదిగిన పొట్టేలు పిల్ల మీద. అవసరం మనది, ఇచ్చేస్తాం. మిగిలిన బక్కదే ఏడాది తిరిగేసరికి మందకు విత్తనపు పొట్టేలవుతుంది. గట్టి కాయలన్నీ అమ్మి తాలుకాయలు విత్తనానికి దాచే వేరుశనగ రైతు ఎక్కడైనా వున్నాడా?

"మేత వుంటే ఏదైనా ఎదుగుతుంది" అంటారు. చాలావరకు నిజమే. కాని ఒకే నెలలో పుట్టి, ఒకే గుట్ట మీద మేసిన రెండు పిల్లల్లో ఒకటి ఎక్కువ తూగితే, ఆ తేడాలో కొంత పుట్టుకతో వచ్చిందే. పిల్లకు సగం గుణం తల్లిది, సగం తండ్రిది. తల్లి ఈతకు ఒకటో రెండో పిల్లల్ని ఇస్తుంది. పొట్టేలు ముప్పై గొర్రెల పిల్లలకు తండ్రి. మంద బాగుపడాలన్నా చెడాలన్నా దాని వల్లే ఎక్కువ.

మన జీవాల్లో సత్తువ లేక కాదు. 2019 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. మన నెల్లూరు జాతి దేశంలోకెల్లా ఎత్తయినది.

ఒంగోలు పశువుల సంగతి చూడండి. మనం వాటిని మడకకు, బండికి ఎంచుకున్నాం. ఓడలెక్కి బ్రెజిల్ చేరిన వాటి సంతతిని అక్కడ మాంసం కోసం తూచి, పిల్లల బరువు చూసి తండ్రిని నిలబెట్టారు. నెలోర్ పేరుతో ఆ దేశపు మాంసం పశువుల్లో అదే ప్రధాన జాతి. రక్తం ఒకటే, ఎంపిక వేరు.

మనకు కావలసింది ఒక కాటా, ఒక నోటుపుస్తకం. పుట్టినప్పుడు, మూడు నెలలకు, ఆరు నెలలకు తూచాలి. వానకారు పిల్లను ఎండకారు పిల్లతో పోల్చకూడదు. కవల పిల్ల చిన్నగా వుంటే దాన్ని తీసిపారేయవద్దు, పాలు పంచుకుని అట్లా అయ్యింది. రెండేళ్ళకు పొట్టేలును మార్చాలి, లేకుంటే తన కూతుళ్ళనే దాటుతుంది.

మంచి పిల్లను ఏడాది ఆపమంటే, అప్పు వడ్డీ ఆగుతుందా అని కూలీ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. ఒక్కడి వల్ల కాదు. పది ఇళ్ళు డబ్బు వేసుకుని ఆ పిల్లను సంత ధరకే కొని వుమ్మడిగా మేపుకోవాలి. గొర్రెల పెంపకందార్ల సంఘాలు, పశువైద్యశాఖ ఈ పనికి డబ్బు పెట్టాలని పట్టుబట్టాలి. ఒకసారి కాటా దొడ్డిలోకి వచ్చిందంటే, దళారీ కూడా నడుం తడిమి ధర చెప్పడం మాని ముల్లు వంక చూడాల్సి వస్తుంది.