అరవై దాటాక అన్నం ఎందుకు తగ్గాలి? తిండి ఎందుకు తగ్గకూడదు?

దక్షిణ అండమాన్‌లోని సిప్పీఘాట్‌లో ఒకప్పుడు వరి పండిన మళ్లలో ఇప్పుడు ఉప్పునీళ్లు నిలిచి, కొంగలు తిరుగుతుంటాయి. 2004 డిసెంబరు 26న భూకంపానికి నేల కుంగింది, సునామీతో సముద్రం లోపలికొచ్చింది. వచ్చిన నీరు చాలాచోట్ల వెనక్కి పోలేదు. నేల తీరు మారితే సాగు తీరూ మారాల్సిందే. అరవై దాటిన ఒళ్లూ అంతే. కానీ పళ్లెం మాత్రం పాత కొలతలోనే ఉండిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది తెలుగువాళ్లు. చేపల వేటకనో, కూలిపనికనో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఆ ఇళ్లలోని పెద్దల కోసమే ఈ నాలుగు ప్రశ్నలు.

వయసు పెరిగితే ఒళ్లెందుకు వస్తుంది?

నలభై దాటగానే ఒంట్లో శక్తి ఖర్చు మందగిస్తుందని అనుకుంటాం. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును కొలిచి 2021లో ‘సైన్స్’ పత్రికలో వేసిన పరిశోధన వేరే మాట చెప్పింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా శక్తి ఖర్చు దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ తర్వాతే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. కాబట్టి నడివయసు పొట్టకు వయసును తప్పుపట్టలేం. వల లాగే పని, మోత పని తగ్గినా అన్నం కొలత తగ్గకపోవడమే అసలు సంగతి.

సన్నగా ఉన్నవాళ్లకూ షుగరు ఎందుకు వస్తుంది?

అన్నం అరిగి చక్కెరై నెత్తుట్లో కలుస్తుంది. దాన్ని దాచుకునే పెద్ద గాదె మన కండ. ముప్ఫై దాటిన దగ్గర్నుంచి కండ మెల్లగా కరుగుతుంది, అరవై తర్వాత ఆ కరుగు జోరందుకుంటుంది. గాదె చిన్నదైపోతే పంట వాకిట్లోనే ఉండిపోయినట్టు, చక్కెర నెత్తుట్లోనే నిలుస్తుంది. పైకి సన్నగా కనిపించినా పొట్ట లోపల కొవ్వు చేరితే ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి, అంటే సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది.

ఆకలి ఎందుకు చస్తుంది?

వయసు మీదపడితే తిన్నది పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది. కూర వాసన ముక్కుకు సరిగా తెలియదు, పళ్లు సహకరించవు, దాహమూ తెలియదు. ఒంటరిగా ఉన్నవాళ్లకు వండుకోవాలనే అనిపించదు. అప్పుడు టీ, రస్కులతో పూట గడిచిపోతుంది. పొట్ట నిండుతుంది, కండకు మాత్రం ఏమీ అందదు. పైగా ముసలి కండ పడుచు కండకన్నా మొండిది. అదే మాంసకృత్తుతో మునుపటంత బలం పుంజుకోదు. అందుకే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తు పెద్దలకు కావాలని నిపుణులు చెబుతారు. 60 కిలోల మనిషికి అది 60 నుంచి 72 గ్రాములు.

మరి పళ్లెం ఎలా మార్చాలి?

రెండు గరిటెల అన్నం తగ్గించి, ఆ చోట్లో చేపముక్కో, గుడ్డో, పప్పో, పెరుగో పెట్టండి. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18 గ్రాముల దాకా మాంసకృత్తు ఉంటుంది. అంతా రాత్రి భోజనంలోనే కాకుండా మూడు పూటలకూ పంచండి. చుట్టూ సముద్రం ఉన్న మనకు చేప దూరం కాదు. నెత్తళ్లను ముల్లుతో సహా నమిలితే కాల్షియమూ అందుతుంది. పళ్లు లేనివారికి మెత్తగా ఉడికించిన చేప పులుసు, పెసరకట్టు మేలు. అమ్మమ్మల చోళ్ల అంబలి మంచిదే, కానీ అదీ గింజే కాబట్టి అన్నానికి బదులుగా తాగాలి, అన్నంతో పాటు కాదు.

రుచి తెలియక ఉప్పు పెంచుతారు, ఎండుచేప వైపు చెయ్యి చాస్తారు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మిరియాలకు పేరున్న తోట సిప్పీఘాట్‌లోనే ఉంది. ఉప్పు తగ్గించి మిరియాల పొడితో, దాల్చిన వాసనతో కూరకు ప్రాణం పొయ్యండి.

తిన్నాక పది నిమిషాలు నడిస్తే కండ చక్కెరను లాక్కుంటుంది. చేతులతో పట్టుకోకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ కొన్నిసార్లు చేస్తే తొడకండ నిలుస్తుంది. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం తగ్గించే ముందు, మూత్రపిండాల జబ్బున్నవారు మాంసకృత్తు పెంచే ముందు డాక్టరును అడగాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడేవారు బీ12 కూడా పరీక్ష చేయించుకోవాలి.

ఇంట్లో తాతగారు “ఆకలి లేదురా” అంటే టీ గ్లాసుతో సరిపెట్టకండి. ఒక గుడ్డు ఉడకబెట్టి, పక్కన కూర్చుని తినిపించండి.