తిండి మానిన చేపకు ఈకల ఎర

స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ ఒకే జాతి చేపలు. ఏట్లో పుట్టి ఏట్లోనే బతికేది రెయిన్‌బో. సముద్రానికి వెళ్లి అక్కడ బలిసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగొచ్చేది స్టీల్‌హెడ్. కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా పసిఫిక్ తీరపు నదులు, రష్యాలోని కమ్చట్కా దీని సొంత తావులు. మూడు నుంచి ఐదు కిలోలు మామూలు తూకం. బ్రిటిష్ కొలంబియాలో స్కీనా ఉపనదుల్లో పది కిలోలు దాటినవీ పడతాయి. పసిఫిక్ సాల్మన్‌లా గుడ్లు పెట్టగానే ఇవన్నీ చావవు. కొన్ని సముద్రం చేరి, మళ్లీ తిరిగొస్తాయి.

వీటిని పట్టడంలో అసలు చిక్కు వేరే ఉంది. నదిలోకి వచ్చాక స్టీల్‌హెడ్ పెద్దగా తినదు. ఒంట్లో పోగేసుకున్న కొవ్వుతోనే నెలల తరబడి నెట్టుకొస్తుంది. గాలానికి ఈకలు, వెంట్రుకలు, దారాలు చుట్టి చేసే ఉత్తుత్తి ఎరను ఫ్లై అంటారు. మామూలు ట్రౌట్‌కు కట్టే ఫ్లై ఆ ఏటి మీద ఆ పూట ఎగిరే పురుగును పోలి ఉండాలి. తిండి ధ్యాసే లేని స్టీల్‌హెడ్‌కు ఆ పోలికతో పని లేదు. ఫ్లై దాని కంట పడాలి, ప్రాణమున్నట్టు కదలాలి, దాని ముందు నుంచి నింపాదిగా దాటిపోవాలి. అయినా నోట ఎందుకు పట్టుకుంటుందంటే చిన్ననాటి అలవాటని కొందరు, తన చోటికి వచ్చిందన్న కోపమని కొందరు అంటారు. ఫ్లై కట్టేవారికి ఏ వాదమైనా ఒకటే.

పాత ఫ్లైలలో గ్రీన్ బట్ స్కంక్‌కు పెద్ద పేరు. ఆరెగాన్‌లోని నార్త్ అంప్‌క్వా నదిలో దాదాపు 50 కిలోమీటర్ల మేర ఫ్లైతో తప్ప వేటాడకూడదు. అక్కడి వేటగాళ్ల పెట్టెల్లో ఇది లేకుండా ఉండదు. కట్టడానికి ముందు గాలాన్ని వైస్ అనే పట్టుకారులో బిగించి, తీగ ఎక్కించే కన్ను వెనక నుంచి మొనకు సరిగ్గా ఎగువనున్న చోటు దాకా నల్లదారం చుట్టాలి. అక్కడ ఎర్రరంగు వేసిన కోడి ఈక పోచలు చిటికెడు తీసుకుని తోకగా కట్టాలి. తోక మొదట్లో మిలమిలలాడే ఆకుపచ్చ చెనీల్, అంటే నూగు తాడు, రెండు మూడు చుట్లు వేస్తే పేరులోని పచ్చ పిర్ర తయారవుతుంది. అక్కడి నుంచి ముందుకు నల్ల చెనీల్‌తో ఒళ్లు, దాని మీద ఎడంగా నాలుగైదు చుట్లు వెండి జరీ. తర్వాత మెత్తటి నల్ల ఈకను చుట్టి, పోచలు వెనక్కి వాలేలా వేళ్లతో దువ్వి పట్టుకుని దారంతో బిగించాలి. చివరగా తెల్లటి జింకతోక వెంట్రుకలు రెక్కగా పెట్టాలి. వాటి మొదట్లోని పొట్టి నూగును ముందే దువ్వి తీసేయకపోతే కట్టు నిలవదు. తల దగ్గర ముడి వేసి, వార్నిష్ చుక్క పెడితే పని అయిపోయినట్టే.

కొత్తగా కట్టేవారు కన్ను వెనక చోటు మిగల్చరు. రెక్క కట్టే సమయానికి కన్ను పూడుకుపోయి నైలాన్ తీగ ఎక్కదు. వెంట్రుకలు ఎక్కువ పెట్టడం దాని కన్నా పెద్ద పొరపాటు. బొద్దుగా కట్టిన ఫ్లై చేతిలో ముచ్చటగానే ఉంటుంది కానీ, నీళ్లలో త్వరగా మునగదు, సరిగా కదలదు.

ఈ కదలిక కోసమే రకరకాల సరుకు వాడతారు. మరాబూ పేరుతో ఇప్పుడు అమ్మేది టర్కీకోడి నూగు ఈక. అది ప్రవాహంలో ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంటుంది. కుందేలు తోలు పేలికలు, ఆర్కిటిక్ నక్క వెంట్రుకలు, నిప్పుకోడి ఈకలు కూడా ఈ కోవలోవే. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన సిడ్ గ్లాసో స్కాట్లండ్‌లోని స్పే నది పద్ధతిలో నారాయణపక్షి పొడుగు ఈకలతో కట్టిన ఫ్లైలను ఇప్పటికీ మెచ్చుకుంటారు. వలస పక్షుల చట్టం వల్ల అమెరికాలో ఆ ఈకలు వాడకూడదు కాబట్టి నెమలికోడి ఈకలతో సరిపెడుతున్నారు. ఖరీదైన ఫ్లైల చెంపలకు అతికే ‘జంగిల్ కాక్’ ఈక దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడిది. నల్లమలలోనూ ఈ పక్షి ఉంది. మైనపు నిగారింపున్న మచ్చల కోసం ఒకప్పుడు దాని మెడ ఈకలను విదేశాలకు పంపేవారు. 1972 వన్యప్రాణి చట్టం కింద దాని వేట నేరం. ఇప్పుడు దొరికేవి విదేశాల్లో పెంచిన పక్షుల ఈకలు. స్టీల్‌హెడ్ ఆ మచ్చను లెక్కచేస్తుందన్న రుజువేమీ లేదు, అది కట్టినవారి మురిపెం.

చలికాలపు బురద నీటికి పెద్ద ఫ్లై కావాలి. అయితే పెద్ద ఫ్లై నీరు పీల్చి బరువెక్కితే విసరడం గగనం. 1990లలో ఎడ్ వార్డ్, మరికొందరు కలిసి రూపొందించిన ఇంట్రూడర్ ఈ చిక్కు విప్పింది. పొడవాటి లోహపు కాడ మీద ముందొక చోట, వెనకొక చోట మాత్రమే ఈకలు గొడుగు ఊచల్లా విచ్చుకునేలా కడతారు. మధ్యన దాదాపు ఖాళీ. నీటిలో భారీగా కనిపిస్తుంది, పైకి తీయగానే నీరంతా జారిపోతుంది. గాలం కాడకు ఉండదు, వెనక దారానికి వేలాడుతుంది. గాలం చిన్నది కావడంతో చేప నోట్లో పొడవాటి కాడ మెలిపెట్టి పట్టు తప్పించే బాధ తగ్గింది.

ఏ ఫ్లై ఎప్పుడు కట్టాలన్న ఆలోచనను రంగుతో మొదలుపెట్టేవారే ఎక్కువ. నిజానికి మొదట చూడాల్సింది నీటి చల్లదనం. నాలుగైదు డిగ్రీల సెల్సియస్ నీటిలో చేప బద్ధకంగా అడుగునే ఉంటుంది. ఫ్లై దాని దగ్గరికే వెళ్లాలి. అప్పుడు ఫ్లైని విసిరే దారం కొసకు మునిగే ముక్క తగిలిస్తారు. టీ-14 అనే రకం అడుగు పొడవుకు 14 గ్రెయిన్లు తూగుతుంది. నీరు 10 డిగ్రీలు దాటితే చేప పైకి లేచి రావడానికి సిద్ధపడుతుంది, తేలే దారం చాలు. తర్వాత తేట చూడాలి. అడుగు రాళ్లు కనబడే వేసవి నీటికి 6, 8 నంబర్ల గాలాల మీద కట్టిన పలచటి చిన్న ఫ్లైలు, మసక నీటికి పెద్దవి. రంగు వంతు ఆ తర్వాతే. కింది నుంచి చూసే చేపకు ఆకాశం వెలుతురులో నలుపు, ఊదా స్పష్టంగా కనిపిస్తాయి. చలికాలంలో నారింజ, గులాబీ వాడకం ఎక్కువ. రంగు గురించి నడిచే వాదనల్లో చేప ఇష్టం కన్నా వేటగాడి నమ్మకమే ఎక్కువ పలుకుతుంది.

వేసవి సాయంత్రాల్లో నీటి మీద గీత గీసుకుంటూ పోయే ఫ్లైలూ ఉన్నాయి. హ్యారీ లెమైర్ కట్టిన గ్రీజ్ లైనర్‌లో తేలే గుణం జింక వెంట్రుకలది. ఆ వెంట్రుకల లోపల గాలి ఉంటుంది.

బ్రిటిష్ కొలంబియా నదుల్లో ముల్లు లేని ఒంటి గాలమే వాడాలి, నదిలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ను వదిలేయాలి. అందువల్ల ముల్లును శ్రావణంతో నొక్కేయడమూ ఫ్లై కట్టడంలో భాగమే అయింది.

చేప ఫ్లైని తట్టి వదిలేసిందంటే అది ఇంకా అక్కడే ఉందన్నమాట. వెంటనే మళ్లీ విసరకుండా కొద్ది నిమిషాలు ఆగి, అదే పొడవు దారంతో, ముందటి దాని కంటే చిన్నది, నల్లటిది వేస్తారు. రాకపోతే నాలుగడుగులు ఎగువకు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి మెల్లగా మళ్లీ దిగుతారు.